పొగ వెనక చేదు

"ఆ పీపా దొర్లకుండా అడ్డుచెక్క కొట్టింది నేనే. కొట్టాక చేత్తో కదిపి చూశాను. కదల్లేదు. ఇంకెన్నిసార్లు చెప్పమంటావమ్మాయ్?" అన్నాడు డూగల్ షా విసుగ్గా.

ఆర్డ్‌వోరన్ డిస్టిలరీలో పీపాల మేస్త్రీ అతను. అరవై దాటిన మనిషి. ఈ పొద్దున గోదాము తలుపు తీసి శవాన్ని మొదట చూసింది అతనే. ఒకదాని మీద ఒకటి పేర్చిన పీపాల రెండో వరసలోంచి జారిపడిన పీపా కింద, మట్టినేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు టోర్క్విల్ మెకెక్రన్. ఐలా దీవి మొత్తంలో విస్కీని నాలుక మీద వేసుకుని దాని మంచీచెడ్డా తేల్చడంలో టోర్క్విల్ మాటకు తిరుగులేదు. శవం విమానమెక్కి గ్లాస్గోకి, పోస్ట్‌మార్టానికి వెళ్లిపోయింది. మనిషిని నలిపేసిన పీపా మాత్రం ఓ పక్కకు దొర్లించి అక్కడే ఉంచారు.

"విసుక్కోకండి. నిన్న సాయంత్రం మీరు వెళ్లేటప్పుడు లోపల ఎవరున్నారు?" అడిగింది సార్జెంట్ ఊనా డారక్.

"టోర్క్విల్ ఒక్కడే. రేపు బయటి దేశాల వాళ్లు వస్తున్నారు కదా, పెద్ద పీపాని ఓసారి చూసుకుంటానన్నాడు. తలుపు తనే వేసుకుంటానన్నాడు."

"ఎవరైనా వస్తారని చెప్పాడా?"

"చెప్పలేదు. మొహం మాత్రం మాడిపోయి ఉంది. ఏం జరిగిందని అడిగితే, నా నాలుకైనా చెడి ఉండాలి, ఈ పీపా అయినా చెడి ఉండాలి అన్నాడు. వాడి నాలుక చెడ్డమేమిటి? నీకు తెలీదా? నీకు గ్లాసు పట్టుకోవడం నేర్పిందే వాడు."

ఊనాకు తెలుసు. పోలీసుల్లో చేరకముందు రెండేళ్లపాటు ఆమె టోర్క్విల్ దగ్గర పని నేర్చుకుంది. ఆ ముసలాయన కోప్పడితే ఏడ్చేది, మెచ్చుకుంటే ఆ రోజంతా గాల్లో తేలేది. ఈ పొద్దున అతని కళ్లు మూసింది ఆమే. ఏడవడానికి వేళ దొరకలేదు.

"నాలుకల కబుర్లు అయ్యాయా, సార్జెంట్?"

గుమ్మంలో నిలబడి ఉన్నాడు ఇన్‌స్పెక్టర్ క్రైటన్. గ్లాస్గో నుంచి వచ్చి మధ్యాహ్నం ఫెర్రీ దిగాడు. కోటు మీద సముద్రపు తుంపర ఇంకా ఆరలేదు.

ఆ గొంతును ఊనా మరిచిపోలేదు. నాలుగేళ్ల క్రితం రేవు హత్యకేసులో హంతకుణ్ణి పట్టుకున్నది ఆమె. పేపర్లో ఫోటో పడింది క్రైటన్‌ది. ప్రమోషన్ అతనికి వచ్చింది. అదేమిటని అడిగినందుకు ఆమెకు ఈ దీవికి బదిలీ వచ్చింది. 'సొంత ఊరే కదా, సంతోషించు' అన్నాడు ఆ రోజు చెయ్యి కలుపుతూ.

"విచారణ ఇంకా అవలేదు సార్," అంది.

"నాకు అయింది. చెక్క జారింది, పీపా దొర్లింది, ముసలాయన పోయాడు. చెక్క సరిగ్గా కొట్టనివాడు నీ ఎదురుగానే ఉన్నాడు." క్రైటన్ వెనక్కి తిరిగి కానిస్టేబుల్‌ని పిలిచాడు. "ఇతన్ని స్టేషన్‌కి తీసుకెళ్లు. నిర్లక్ష్యం కేసు."

డూగల్ కదల్లేదు. పెద్ద పెద్ద చేతులు రెండూ చాచి వాటికేసే చూసుకున్నాడు.

"టోర్క్విల్ పెళ్లిలో వాడి పక్కన నిలబడ్డవాణ్ణి నేను. వాడి పెళ్లాం పోతే శవపెట్టె మోసినవాణ్ణి నేను. ఇప్పుడు వాణ్ణి చంపినవాణ్ణి కూడా నేనేనని రాసుకుంటారా? రాసుకోండి. పెన్నూ మీదే, సిరా మీదే." ఊనా వైపు తిరిగాడు. "నువ్వు చూస్తూ నిలబడ్డావు చూడు, అది బాధమ్మాయ్."

కానిస్టేబుల్ అతన్ని తీసుకెళ్లాడు. కారు వెళ్లిన చప్పుడు వినిపించింది. పనివాళ్లందర్నీ ఊనా పొద్దున్నే ఇళ్లకు పంపేసింది. ఇక గోదాములో మిగిలింది ఊనా, క్రైటన్.

"ఇది చూడండి," అంది ఊనా.

గోడకు ఆనించి నిలువుగా ఉంది అడ్డుచెక్క. అంచులు పదును పోలేదు. ఎక్కడా చిట్లలేదు.

"అంత బరువు పీపా దీని మీదుగా దొర్లితే ఇది పిండి అయి ఉండాలి. పోనీ, తప్పించుకుని ఎగిరిపడిందనుకుందాం. ఎగిరిపడిన చెక్క బుద్ధిగా గోడకు ఆనుకుని నిలబడుతుందా సార్?"

"శవాన్ని తీసేటప్పుడు ఎవరో ఎత్తి పెట్టి ఉంటారు."

ఊనా ఫోను తీసి చూపించింది. శవం కదలకముందు ఆమె తీసిన ఫోటో. పీపా కింద టోర్క్విల్ బూట్లు కనిపిస్తున్నాయి. వెనక, గోడకు ఆనుకుని అదే చెక్క.

క్రైటన్ ఫోటో చూశాడు. ఒక్క క్షణం కనుబొమలు ముడిపడ్డాయి. వెంటనే ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"కోర్టులో చెక్కలు సాక్ష్యం చెప్పవు. రేపటి కార్యక్రమం ఆగకూడదని పైనుంచి మాట వచ్చింది. ఆ పెద్ద పీపాని కొనడానికి జనం సముద్రాలు దాటి వస్తున్నారు. నీకేమో ఇక్కడ హత్య కావాలి. ఎందుకో చెప్పనా? హత్యయితే నిన్ను మళ్లీ గ్లాస్గోకి పిలుస్తారని."

"గ్లాస్గోలో నా కుర్చీ ఖాళీ లేదుగా సార్. మీరు కూర్చున్నారు."

క్రైటన్ మొహం ఎర్రబడింది. ఊనా అతన్ని దాటి లోపలికి నడిచింది.

గోదాము చివర, ఒంటరిగా, దిమ్మెల మీద కూర్చుని ఉంది పెద్ద పీపా. స్పెయిన్‌లో షెర్రీ ద్రాక్షసారా నిండి ఉన్న పీపా అది. ఆ సారా ఖాళీ అయ్యాక ఐలాకి వచ్చింది. ఇక్కడ పొయ్యిల్లో కాల్చే పీట్ మట్టి పొగలో ఎండిన బార్లీతో తీసిన విస్కీ దాని కడుపులో ఇరవై ఏడేళ్లుగా పడి ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. మూత చుట్టూ కొత్తగా ఎర్రటి లక్క పోసి ముద్ర వేశారు. రేపు కొనేవాళ్ల కళ్లెదుట పగలగొట్టాలి.

పీపా మీద చిన్న సీసా ఉంది. ముద్ర పడకముందు టోర్క్విల్ తీసుకున్న నమూనా. సగానికి పైగా విస్కీ ఉంది. పక్కన రెండు గ్లాసులు.

ఊనా తొడుగు వేసుకున్న వేళ్లతో గ్లాసులను ఒక్కొక్కటిగా ఎత్తి వెలుతురుకు పట్టింది. మొదటిదాని అంచున పెదవుల గుర్తు ఉంది. అడుగున చుక్క ఎండిపోయి ఉంది. రెండోదాంట్లోనూ విస్కీ పోసిన మరక ఉంది. అంచు మాత్రం శుభ్రంగా ఉంది.

ఆమె వంగి మట్టినేలను పరిశీలించింది. పీపా పక్కన అరచేతి మేర నల్లటి తడి మచ్చ. మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు నేలకు దగ్గరగా పెట్టింది. పొగ వాసన.

"ఏం దొరికింది, వేటకుక్కకి?" అన్నాడు క్రైటన్ వెనకనుంచి.

"రెండో మనిషి. నిన్న టోర్క్విల్ ఒంటరిగా లేడు. ఎవరో వచ్చారు. గ్లాసు అందుకున్నారు, తాగలేదు. నేలకు పోసేశారు." ఆమె లేచి చేతులు దులుపుకుంది. "మాటా మాటా పెరిగి ఉంటుంది. ఒకడు పోసిచ్చింది ఇంకొకడు వాడి ముందే పారబోశాడంటే మామూలు తగువు కాదు."

"ఊనా! ఇంకా ఇక్కడే ఉన్నావా?"

డిస్టిలరీ మేనేజర్ లాక్లన్ మక్వారీ వస్తున్నాడు. ఊనాతో కలిసి ఒకే బడిలో చదువుకున్నవాడు. మడత నలగని సూటు వేసుకున్నాడు. కళ్లు మాత్రం నిద్రలేక ఉబ్బి ఉన్నాయి.

"టోర్క్విల్ చెల్లెలికి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తెలీలేదు," అన్నాడు. తర్వాత పీపా వైపు చూశాడు. "రేపటికి ఇక్కడ సర్దాలి. ఈ సీసా, గ్లాసులు తీసుకెళ్లి కడిగించనా?"

"ఇప్పుడే వద్దు. నిన్న సాయంత్రం ఎక్కడున్నావ్, లాక్లన్?"

"నన్ను కూడానా? సరే. బోమోర్ ఊళ్లో, హోటల్లో. ముందే దిగిన అతిథులకి భోజనాలు పెట్టించాను. పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాను."

"ఇక్కడికి రాలేదా?"

"టోర్క్విల్ గ్లాసు పట్టుకుని ఉన్నప్పుడు పక్కన నిలబడడానికి ఎవడికి ధైర్యం? ఊపిరి గట్టిగా పీలిస్తే తిట్టేవాడు. నీకు గుర్తులేదా?"

గుర్తుంది. ఊనా సీసా అందుకుంది. ముందు కొంచెం విస్కీ లాబ్ గొట్టంలోకి వంపి, బిరడా బిగించి, జేబులో పెట్టుకుంది. తర్వాత అరలోంచి శుభ్రమైన గ్లాసు తీసుకుంది.

లాక్లన్ చెయ్యి చాచాడు. "అది వద్దు. రాత్రంతా బిరడా తీసి ఉంది, గాలి తగిలి చచ్చిపోయి ఉంటుంది. ఆఫీసులో మంచి నమూనా ఉంది, తెప్పిస్తాను."

"నాకు మంచిది అక్కర్లేదు. టోర్క్విల్ ఏది చూసి మొహం మాడ్చుకున్నాడో అది కావాలి."

"మాట విను ఊనా. నువ్వు వదిలేసి ఎన్నేళ్లయింది? ఇప్పుడు నీకేం తెలుస్తుంది?"

ఆమె వినలేదు. కొద్దిగా పోసి, గ్లాసును అరచేతిలో వెచ్చబెట్టి, ముక్కుకు కాస్త దూరంగా పట్టుకుంది. 'మీద పడకు, దాన్నే నీ దగ్గరికి రానియ్యి' అనేవాడు టోర్క్విల్.

దగ్గరికి రావడం కాదు, కొట్టినట్టు వచ్చింది. తడి పీట్ గడ్డకి అప్పుడే నిప్పు పెడితే లేచే పొగ. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ మీద తీపి ఉంది. అది పొగలో కలవలేదు. పైన వేసిన దుప్పటిలా విడిగా ఉంది.

 ఏళ్లు గడిచేకొద్దీ పీపాలో పొగ అణిగిపోతుంది. చల్లారిన పొయ్యిలో బూడిద వాసనలా అడుగుకి చేరుతుంది. పీపా చెక్క తను పీల్చుకున్న షెర్రీని మెల్లమెల్లగా వదులుతుంది. ఎండుద్రాక్ష, నారింజ తొక్క, అక్రోటు గింజ, పాత తోలు, అన్నీ ఆ పొగతో కలిసి ఒకే ముద్దవుతాయి. ఏ వాసన ఎక్కడ మొదలైందో చెప్పడానికి వీలుండదు. ఇరవై ఏడేళ్లంటే అదీ.

చిన్న గుక్క నాలుక మీద వేసుకుంది. మంట. పచ్చి పొగ. పానకంలాంటి తీపి. అటు తర్వాత, గొంతు మొదట్లో, ఒక చేదు.

ఆమె నేల మీద ఉమ్మేసింది. నీళ్లు పుక్కిలించి మళ్లీ ఉమ్మింది. చేదు పోలేదు. పాత చెక్క చేదు ఆమెకు తెలుసు. నారింజ తొక్క లోపలి తెల్లపొర చేదూ తెలుసు. ఇది ఆ రెండూ కాదు.

"ఇది ముసలి విస్కీ కాదు," అంది నెమ్మదిగా. "నిండా ఆరేళ్లు కూడా లేవు. రంగు కోసం, తీపి కోసం షెర్రీ తెచ్చి పోశారు. అసలుది ఏమైంది లాక్లన్?"

లాక్లన్ దగ్గర్లో ఉన్న పీపా మీద చెయ్యి ఆనించాడు. నవ్వాడు. అందులో నవ్వు లేదు.

"ఏమైందా? తిన్నాం. అందరం కలిసి తిన్నాం. బట్టీలు ఆరిపోయిన ఆ రెండు చలికాలాలు గుర్తున్నాయా? నువ్వెక్కడ ఉన్నావ్, గ్లాస్గోలో. ఇక్కడ మీ అమ్మ పొయ్యిలో పీట్ ఎవరు వేశారనుకున్నావ్? యజమానులు చేతులెత్తేశారు. పడవలు అమ్ముకుని జనం వెళ్లిపోతున్నారు. నేను ఆ పీపాలోది తోడి అమ్మేశాను. కొత్త సరుకు పోసి మూత పెట్టాను. డిస్టిలరీ మూతపడలేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఎలా నడిపావురా అని ఒక్కడూ అడగలేదు."

"టోర్క్విల్ అడిగాడు."

"ఆయనకి నిన్నటిదాకా తెలీదు. తెలిశాక మాత్రం ఒక్క మాట వినలేదు. రేపు అందరి ముందూ చెప్తానన్నాడు. ఊరు మునిగినా సరే, నాలుకతో అబద్ధం చెప్పించలేనన్నాడు. ఆయనకేం? పిల్లా జెల్లా లేరు."

 ఊనా గ్లాసు కింద పెట్టింది.

"ఎక్కడన్నాడు ఆ మాట?"

"ఆ?"

"నిన్న సాయంత్రం నువ్వు బోమోర్‌లో ఉన్నావు. ఆయన ఇక్కడున్నాడు. మాట వినలేదన్నావు. ఎక్కడ వినలేదు?"

లాక్లన్ గుమ్మం వైపు చూశాడు.

"ఫోనులో చెప్పి ఉంటాడు!" క్రైటన్ గట్టిగా అన్నాడు. "సార్జెంట్, ఇక చాలు. కల్తీ సరుకంటావా, అది పన్నులవాళ్ల పని. నాకు అప్పజెప్పింది ఒక చావు. ఆ చావుకి కారణం పీపా."

"ఈ గోడల మధ్య ఫోను పలకదు సార్. మీది తీసి చూడండి."

క్రైటన్ తీయలేదు. ఫెర్రీ దిగిన దగ్గర్నుంచి ఈ ఆడమనిషి తనను తప్పని నిరూపిస్తూనే ఉంది. అదీ ఒక స్థానికుడి ముందు. అతను సీసా అందుకున్నాడు. అరలోంచి గ్లాసు తీసి సగానికి పైగా పోసుకున్నాడు.

"గుక్కెడు నోట్లో పోసుకుని ఇంత కథ అల్లింది. నేనూ చూస్తాను ఏముందో."

"సార్, అది సాక్ష్యం."

"ప్రమాదానికి సాక్ష్యం ఏమిటి? విస్కీ. అంతే."

ఊనా ఏదో అనబోయింది. మాట తడబడింది. నాలుక చివర సూదులతో గుచ్చుతున్నట్టు ఉంది. పీపాలోంచి నేరుగా తీసిన ఘాటు వల్లేమో అనుకుంది ఇంతసేపూ. ఘాటయితే ఈపాటికి తగ్గాలి. ఇది పెరుగుతోంది. పళ్లతో నాలుక కొరుక్కుంది. నొప్పి తెలియలేదు.

పారబోసిన గ్లాసు. అంచు తాకని పెదవులు. అది తగువు కాదు. వచ్చినవాడు తాగకూడదని తెలిసే తాగలేదు. టోర్క్విల్ తాగి కూలిపోయాకే చెక్క తీసి పీపాని అతని మీదికి దొర్లించాడు.

"తాగకండి!" అరిచింది. "నా నాలుక మొద్దుబారిపోతోంది. అందులో ఏదో కలిపారు!"

"ఐలా పిల్లకి విస్కీ పడలేదట!" క్రైటన్ నవ్వుతూ గ్లాసు పైకెత్తాడు. "ఏమంటారు మక్వారీ గారూ? ఏమైనా కలిపారా ఇందులో?"

ఊనా లాక్లన్ వైపు చూసింది. ఒక్క మాట చాలు. చెయ్యి ఒక్కసారి విదిలిస్తే చాలు. ఇందాక ఆమె గ్లాసు పట్టుకున్నప్పుడు రెండుసార్లు అడ్డం పడ్డవాడు ఇతనే. బతిమాలినవాడు ఇతనే.

లాక్లన్ క్రైటన్ మొహంలోకి చూడలేదు. అతని చేతిలో గ్లాసునే చూస్తున్నాడు. పెదవి విప్పలేదు.

ఊనా దూకింది. ఆమె చెయ్యి క్రైటన్ మణికట్టుకి తగిలేసరికి గ్లాసు ఖాళీ అయింది. చివరి చుక్కలు మాత్రం ఆమె చొక్కా చేతి మీద చిందాయి.

"పిచ్చిదానా!" అన్నాడు క్రైటన్. మొహం చిట్లించాడు. "థూ, చేదు..."

"గొంతులో వేళ్లు పెట్టుకోండి! కక్కండి! ఇప్పుడే!"

అతని వెక్కిరింపు ఇంకా మొహం మీదే ఉంది. కళ్లు మాత్రం మారాయి. పెదవులు చేత్తో తడుముకున్నాడు, అవి అక్కడున్నాయో లేవో చూసుకుంటున్నట్టు. ఊనా అతని మెడ వంచి, తనే నోట్లో వేళ్లు పెట్టింది. అతను మోకాళ్ల మీద కూలబడి మట్టిలో కక్కుకున్నాడు. కొంత వచ్చింది. ఎంత లోపల మిగిలిందో తెలీదు.

"డాక్టర్ని పిలువు, లాక్లన్!" తల తిప్పకుండానే అరిచింది. "ఆయన పోతే నీ మీద రెండు చావులు. ఇప్పుడు పిలిస్తే ఒకటే. పరిగెత్తు!"

 తల తిప్పింది. లాక్లన్ నిలబడిన చోట ఎవరూ లేరు.

బరువైన తలుపు మూసుకుంది. గోదాము సగం చీకటయింది. బయట ఇనప గడియ పడిన చప్పుడు.

ఊనా పరిగెత్తి తలుపు మీద భుజంతో కొట్టింది. చలనం లేదు. ఫోను తీసింది. సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. వెనకనుంచి క్రైటన్ ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఆ పిలుపు సగంలోనే ముద్దగా అణిగిపోయింది. పెదవులు అతని మాట వినడం లేదు.

"లాక్లన్! తలుపు తియ్యి!"

బయట అడుగుల చప్పుడు దూరం కాలేదు. అతను వెళ్లలేదు. చెక్కకు అవతల, చాలా దగ్గరగా, అతని ఊపిరి వినిపిస్తోంది. బడిలో పక్కన కూర్చున్న రోజుల్లో మాట్లాడినంత మెత్తగా, నిజంగా దిగులు పడుతున్నవాడిలా అడిగాడు:

"నిజం చెప్పు, ఊనా. నువ్వెంత మింగావు?"